రెండు గంటలకోసారి

“పదీ పదికి తియ్యాల్సిన ప్లగ్గు పదీ పాతికకి తీశావు. అదే నేననేది,” అన్నారు మామగారు, మూడోసారి.

“ఇరవైకే తీశాను మామయ్యగారూ. మీ గడియారం అయిదు నిమిషాలు ముందుంటుంది,” అంది అమ్మణ్ణి, ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య సందులోంచి చెయ్యి బయటికి లాక్కుంటూ. మోచేతి దాకా బూజు అంటుకుంది.

“నా గడియారం ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోని నడిపింది. దాన్నేమీ అనకు.”

“డిపోని నడిపింది డ్రైవర్లు,” అన్నారు అత్తగారు, కూరగాయల పళ్ళెం మీంచి తలెత్తకుండానే. “మీరు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని రాసుకున్నారు.”

“రాయకపోతే ఏ బండి ఎక్కడుందో ఎవడికి తెలుస్తుంది?”

“ఫ్రిజ్ ఎక్కడుందో మాకు తెలుసులెండి. మూడు వారాలుగా అక్కడే ఉంది.”

మామగారు ఆ మాట వినిపించుకోలేదు. నోటుబుక్కులో గీతలు గీసుకున్న గడిలో 10.10 అని వేసి, పక్కన ‘పదిహేను నిమిషాలు ఆలస్యం’ అని రాసి, కలం ఎత్తి పట్టుకున్నారు.

“కారణం ఏమని రాయమంటావు?”

“స్నానం.”

“స్నానం రెండు బళ్ళ మధ్యలో పెట్టుకోవాలి కానీ, సరిగ్గా బండి బయల్దేరే టైముకి పెట్టుకుంటారా ఎవరైనా?”

అమ్మణ్ణి తడిజుట్టుకి చుట్టిన తువ్వాలు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని ఫ్రిజ్ పక్కన గొంతుక్కూర్చుంది. ప్లగ్గు తీశాక అయిదు నిమిషాలు ఆగాలి. మళ్ళీ పెట్టి, చెవి దగ్గరగా పెట్టి వినాలి. వెనక ఎక్కడో టిక్కుమని చిన్న చప్పుడైతే కంప్రెసర్ అందుకున్నట్టు. కాకపోతే మళ్ళీ తియ్యాలి. మళ్ళీ అయిదు నిమిషాలు.

మూడు వారాలుగా ఇదే వరస. ఫ్రిజ్ లోపల లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. కానీ చల్లబడి ఒకసారి ఆగిందంటే, ఎవరో ఒకరు ప్లగ్గు తీసి పెట్టేదాకా కంప్రెసర్ మళ్ళీ కదలదు. మొదటిరోజే మెకానిక్ వచ్చి, వెనక చెయ్యి పెట్టి చూసి, “బోర్డు పోయుంటుంది. తెప్పించుకుని ఫోన్ చెయ్యండి,” అని వెళ్ళిపోయాడు. బోర్డంటే ఫ్రిజ్‌కి ఎప్పుడు నడవాలో ఎప్పుడు ఆగాలో చెప్పే పలక. అమ్మణ్ణి భర్త ఆ రోజే షాపులో ఆర్డరిచ్చానన్నాడు. అది వచ్చేదాకా ప్లగ్గు తీసిపెడితే బండి నడుస్తుందని కనిపెట్టింది అమ్మణ్ణి. కనిపెట్టిన మనిషి మీదే ఆ పని పడింది.

మిగతావాళ్ళకి తలా ఒక కారణం ఉంది. అత్తగారికి మోకాళ్ళు వంగవు. మామగారికి కంటి ఆపరేషనయింది, వంగకూడదు. వంగినా ఆ టిక్కు ఆయన చెవికి ఆనదు. భర్త ఆఫీసులో ఉంటాడు, కూతురు కాలేజీలో ఉంటుంది. వైరు పొడుగు చేసి ప్లగ్గు పైకి తెద్దామంటే, ఫ్రిజ్‌కి అలాంటి అతుకులు వేస్తే ఇల్లు తగలబడుతుందని భర్త ఒప్పుకోలేదు. పోనీ ఫ్రిజ్ ఆపేద్దామా అంటే మామగారి కంటిచుక్కల మందు చల్లగా ఉండాలి. అందుకని ఆయన పొద్దున ఆరూ పది నుంచి రాత్రి పదీ పది దాకా రెండు గంటలకోసారి టైముటేబుల్ వేసి గోడకి అంటించారు. రాత్రి ఆఖరి బండి వెళ్ళాక తెల్లారేదాకా ఎవరూ తలుపు తియ్యకూడదు.

అమ్మణ్ణి ఆమె అసలు పేరు కాదు. పుట్టింట్లో ముద్దుకి పిలుచుకున్న పిలుపు. పెళ్ళినాడు ఎవరో అలా కేకేస్తే విని, ఇక్కడా అందరూ అదే ఖాయం చేసుకున్నారు.

టిక్కుమంది. కంప్రెసర్ సన్నగా మూలిగి అందుకుంది. అమ్మణ్ణి గోడ పట్టుకుని లేచింది. ఇక పన్నెండూ పది దాకా ఆమె తనది. ఆ రెండు గంటల్లో బజారుకెళ్ళి రావచ్చు. బజారు దాటి వెళ్ళకూడదు.

బజారు దాటి మరో పావుగంట నడిస్తే టైలరక్క వర్క్‌షాపు ఉంది. పెళ్ళికి ముందు ఆరేళ్ళు అమ్మణ్ణి, టైలరక్క ఒకే బల్ల దగ్గర పనిచేశారు. ఆమె కుట్టేది, ఈమె కోసేది. ఇప్పుడు టైలరక్క సొంతంగా పన్నెండు మిషన్లు పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టిస్తోంది. ఆమెకి గుడ్డ కోసే మనిషి కావాలి. “నీ చెయ్యి నాకు తెలుసు. వస్తే నువ్వు రా, లేకపోతే శనివారం సాయంత్రంలోగా రానని చెప్పు. ఆదివారం ఇంకొకామె వస్తోంది చూడ్డానికి,” అంది.

పోయినవారం అమ్మణ్ణి చూసొద్దామని వెళ్ళింది. పొడుగాటి బల్ల మీద నీలంగుడ్డ ఇరవై మడతలు పరిచి ఉంది. కత్తెర చేతిలోకి తీసుకోగానే వేళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. చొక్కా వెనకభాగాలు కోసి, చేతుల దగ్గరికి వచ్చేసరికి గోడ గడియారం పదకొండూ నలభై చూపించింది. సగంలో కత్తెర పెట్టేసింది.

“అప్పుడేనా?” అంది టైలరక్క.

“పన్నెండూ పదికి ఇంట్లో ఉండాలక్కా. ఫ్రిజ్ ఉంది.”

టైలరక్క ఆమెని కిందనుంచి పైదాకా చూసింది. “రెండు గంటలకోసారి ఏమిటే, ఫ్రిజ్‌కి పాలు పట్టిస్తున్నావా?”

మిషన్ల దగ్గర ఆడవాళ్ళందరూ నవ్వారు. అమ్మణ్ణీ నవ్వింది. దారంతా మాత్రం నడక పరుగైంది.

భర్తతో చెబితే, “వద్దన్నానా? ముందు ఫ్రిజ్ సంగతి తేలనీ,” అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఏ జవాబులోనూ తప్పు పట్టడానికేమీ లేదు. పాప చిన్నది, కాస్త నడక రానీ. పాప బడికి వెళ్తోంది, ఇంటికొచ్చే వేళకి ఎవరో ఒకరుండాలి. అత్తయ్య మోకాళ్ళు. మామయ్యగారి కన్ను. ఒకటి తీరేసరికి ఇంకొకటి సిద్ధంగా ఉండేది. ఒక్కటీ అబద్ధం కాదు.

ఇవాళ శుక్రవారం. అమ్మణ్ణి తువ్వాలు విప్పి ఆరేసి, ఫోన్ తీసుకుని వెనక వసారాలోకి వెళ్ళి, స్పేర్‌పార్టుల షాపుకి ఫోన్ చేసింది. ఫ్రిజ్ తలుపు మీద చూసి అరచేతిలో రాసుకొచ్చిన మోడల్ నంబరు చదివింది.

“మా బోర్డు ఎప్పటికొస్తుందండీ? మూడు వారాలైంది.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. “వచ్చేసిందిగా అమ్మా. మీ వారు తీసుకెళ్ళి ఎనిమిది రోజులైంది. సంతకం కూడా ఉంది ఇక్కడ.”

వసారా గోడ అవతల పక్కింటివాళ్ళ మోటారు నడుస్తోంది.

“లైన్లో ఉన్నారా?”

“ఉన్నాను. దాన్ని బిగించడం కష్టమాండీ?”

“కష్టం లేదు, భయమే. వెనకవైపు రేకు ఉంటుంది, నాలుగు స్క్రూలు. లోపల బోర్డుకి ఆరేడు చిన్న ప్లగ్గులుంటాయి. ఏది ఎక్కడిదో మర్చిపోకుండా తీసి, అలాగే కొత్తదానికి పెట్టడమే. ప్లగ్గు పీకాక పది నిమిషాలు ఆగండి, బోర్డులో కాస్త కరెంటు నిలవుంటుంది. ఇంకోమాట, మా దగ్గర విప్పిన సరుకు వెనక్కి తీసుకోం. కాబట్టి పోయింది బోర్డేనా, లోపల చల్లదనం కనిపెట్టే సెన్సరా అన్నది ముందు చూసుకోండి. ఇంట్లో తీగలు పరీక్షించే మీటరుందా?”

కూతురు ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతోంది. దాని బల్ల సొరుగులో మీటరుంది. షాపతను ఓపిగ్గా చెప్పాడు. సెన్సర్ తీగలు రెండూ బోర్డు దగ్గరికే వస్తాయి. ఆ రెంటికీ మీటరు పెట్టి, లోపల సెన్సరున్న చోట ఐసు ఆనిస్తే అంకె పెరగాలి, చేత్తో పట్టుకుంటే తగ్గాలి. అలా మారుతుంటే సెన్సర్ బాగున్నట్టు, తప్పు బోర్డుది.

పడగ్గది అల్మైరా మీద, విరిగిన గొడుగు కింద, భర్త పాత ఆఫీసు సంచీ ఉంది. అందులో వెండిరంగు కవర్లో బోర్డు ఉంది. అరచేతికన్నా కాస్త పెద్దది. కవరు మీద పిన్ను కూడా ఊడలేదు. స్టూలు మీద నిలబడే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎనిమిది రోజులకి రోజుకి తొమ్మిదేసి బళ్ళు. లెక్కపెట్టబోయి మానేసి స్టూలు దిగింది.

వంటింట్లోకి వచ్చి, పాలూ చుక్కలమందూ ఐసుతో సహా ఫ్లాస్కులోకీ గిన్నెలోకీ మార్చి, సందులోకి చెయ్యి పెట్టి ప్లగ్గు లాగేసింది.

మామగారు హాల్లోంచి మెడ సాచారు. “పదకొండూ పది. ఇప్పుడే తీశావేం?”

“ఈ బండి షెడ్డుకి వెళ్తోంది మామయ్యగారూ.”

ఆయన కలం పట్టుకుని ఆలోచనలో పడ్డారు. టైముటేబుల్లో అలాంటి గడి లేదు.

అత్తగారు కుర్చీలోంచి లేవలేదు కానీ గొంతు పెంచారు. “నీకెందుకమ్మాయ్ ఈ కరెంటు పనులు? సాయంత్రం వాడొస్తాడు. వాడు మెకానిక్కుని…” అంటుండగానే అమ్మణ్ణి చేతిలో వెండిరంగు కవరు చూశారు. మళ్ళీ వంకాయ చేతిలోకి తీసుకుని, కోసిన ముక్కనే ఇంకోసారి కోశారు.

అమ్మణ్ణి ఫ్రిజ్‌ని ఇటోసారి అటోసారి కదుపుతూ ముందుకి లాగింది. కింద చక్రాలున్నా పదేళ్ళుగా కదలక మొరాయించాయి. వెనక గోడ మీద ఫ్రిజ్ ఆకారంలో మసి. పది నిమిషాలు ఆగి స్క్రూలు విప్పింది. మూడు తేలిగ్గా వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టింది. మిషను నూనె చుక్క వేసి, కాసేపు నాననిచ్చి, చీర కొంగు చుట్టి తిప్పితే వచ్చింది.

రేకు తీస్తే లోపల పాత బోర్డు, దానికి తెల్లటి ప్లాస్టిక్ ప్లగ్గుల్లో దిగిన రంగురంగుల తీగలు. అన్నీ ఒకేలా ఉన్నాయి. అమ్మణ్ణి లేచి వెళ్ళి కుట్టుడబ్బా తెచ్చుకుంది. గుడ్డ కోసేటప్పుడు ఏ ముక్కా గుర్తు పెట్టకుండా కత్తెర దాటనివ్వకూడదని ఆమెకి మొదటిరోజే నేర్పారు. ఒక్కొక్క ప్లగ్గుకీ ఒక్కొక్క రంగు దారం కట్టింది, అదే రంగు దారాన్ని పాత బోర్డు మీద ఆ చోటా ముడేసింది. ఎరుపుకి ఎరుపు. పచ్చకి పచ్చ. చివరిదానికి రంగులు అయిపోతే తెల్లదారం రెండు పేటలు వేసింది.

అప్పుడు ప్లగ్గులు ఊడదీసింది. పాత బోర్డు బయటికి తీసి వెలుగులోకి తిప్పితే, మూలనున్న నల్లటి చిన్న డబ్బా కింద, ఇస్త్రీపెట్టె మర్చిపోయిన గుడ్డ మీదలాగా గోధుమరంగు మచ్చ. టిక్కుమనేది అదే అయ్యుంటుంది. అయినా షాపతను చెప్పినట్టు చూసుకోవాలి. ఒకరు లోపల ఐసు పట్టుకోవాలి, ఒకరు వెనక మీటరు చూడాలి.

“అత్తయ్యా, ఒకసారి వస్తారా?”

అత్తగారు వచ్చారు. కుర్చీ లాక్కుని, తెరిచిన ఫ్రిజ్ ముందు కూర్చుని, గుడ్డలో చుట్టిన ఐసు పట్టుకుని తలా భుజమూ లోపలికి పెట్టారు. అమ్మణ్ణి వెనక గోడ పక్కన కూర్చుని, సెన్సర్ తీగలకి మీటరు ముళ్ళు ఆనించింది. ఇద్దరి మధ్యా ఫ్రిజ్.

“పైన మూల తెల్లటి బుడిపె ఉంటుంది. దానికి ఆనించండి.”

అంకె కదిలింది. పెరుగుతోంది.

“నేనే చెప్పాను వాడికి,” అన్నారు అత్తగారు. గొంతు ఖాళీ అరల్లోంచి బోలుగా వచ్చింది.

“ఏం చెప్పారు?”

“అది తెచ్చి నాకు చూపించాడు. నాలుగు రోజులు పక్కన పెట్టరా అన్నాను. నాలుగు రోజులనే అన్నాను, పాపం వాడు కూడా… తర్వాత ఇద్దరం ఊరుకున్నాం.”

మీటరులో అంకె ఇంకా పెరుగుతోంది. అమ్మణ్ణి దానివైపే చూస్తోంది.

“ఇది బాగైతే నువ్వెళ్ళిపోతావు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆయనా నేనూ. ఆయనకి డ్యూటీ ఉన్నన్నాళ్ళూ పగలు ఈ ఇల్లు నాది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక మధ్యలో నువ్వున్నావు కనక నాకు తెలియలేదు. నువ్వు గడప దాటితే ఆ పుస్తకంలోకి ఎక్కేది నేనే అమ్మాయ్. మంచినీళ్ళు తాగితే టైము రాస్తారు ఆ మనిషి.”

హాల్లో మామగారు దగ్గారు. అత్తగారు గొంతు తగ్గించలేదు. ఆయనకి వినపడదని ఆమెకి తెలుసు.

అమ్మణ్ణికి కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఫ్రిజ్‌లో తలపెట్టి మాట్లాడుతున్న డెబ్భై ఏళ్ళ మనిషి మీద పెట్టడానికి చేతులు రాలేదు. పోనీ జాలిపడదామంటే, ఎనిమిది రోజులుగా ఊరికే వంగిన తన మోకాళ్ళు గుర్తొచ్చాయి.

“ఇప్పుడు ఐసు తీసి చేత్తో పట్టుకోండి,” అంది.

అంకె తగ్గింది. సెన్సర్ బాగానే ఉంది. పోయింది బోర్డే.

అప్పుడు కవరు విప్పి, కొత్త బోర్డుని పాతదాని పక్కన పెట్టి చూసుకుంటూ పెడితే, ఎరుపుకి ఎరుపు, పచ్చకి పచ్చ ప్లగ్గులు దిగాయి. దారాలు కత్తిరించి, రేకు బిగించి, ఫ్రిజ్‌ని వెనక్కి తోసి, పన్నెండూ ఇరవైకి ప్లగ్గు పెట్టింది. లైటు వెలిగింది. ఇంకేమీ కాలేదు. ఒక నిమిషం గడిచింది. రెండు. అత్తగారు కుర్చీలోంచి, “పోయిందా?” అన్నారు. ఆ మాటలో భయం ఎంతో ఆశ ఎంతో అమ్మణ్ణి తేల్చుకోదలచలేదు. నాలుగో నిమిషంలో టిక్కుమంది, కంప్రెసర్ అందుకుంది.

అయినా అసలు సంగతి అది కాదు. ఇలా మొదలవడం రోజూ అవుతూనే ఉంది. ఆగాక తనంతట తాను లేవాలి. ఒంటిగంటకి ఆగింది. అమ్మణ్ణి వంట చేసింది, మామగారికి చుక్కలు వేసింది, గిన్నెలు కడిగింది; చెవి మాత్రం ఒకవైపే ఉంది. మామగారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం వైపు చూస్తున్నారు. ఒంటిగంటా నలభైకి వంటింట్లో ఎవరూ లేనప్పుడు ఫ్రిజ్ దానంతటదే మూలిగి అందుకుంది. రెండూ పది అయ్యేసరికి అమ్మణ్ణి సందు పక్కన గొంతుక్కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టబోతోంది. ఎప్పుడు వచ్చి కూర్చుందో ఆమెకే తెలియదు. చెయ్యి వెనక్కి తీసుకుని, కడుక్కుని, మళ్ళీ కడుక్కుంది.

మూడు గంటలకి మరోసారి ఆగింది, మరోసారి లేచింది. అయిదు గంటలకి ఫోన్ తీసుకుని వసారాలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

రాత్రి భోజనాల దగ్గర నీళ్ళ సీసా తీసుకున్న భర్త చేతులు మార్చుకుంటూ, “అబ్బో, ఏమిటివాళ ఇంత చల్లగా ఉంది?” అన్నాడు.

“అమ్మ బోర్డు మార్చేసింది నాన్నా. నా మీటరుతో,” అంది కూతురు. “పాత బోర్డు నేను కాలేజీకి పట్టుకెళ్ళి మా సార్‌కి చూపిస్తాను. దారాలు కట్టి గుర్తు పెట్టుకుందిట. మా ల్యాబులో ఎవరికీ రాదు ఆ ఐడియా.”

భర్త సీసా బల్ల మీద పెట్టాడు. “ఎక్కడ దొరికింది బోర్డు?”

“అల్మైరా మీద, మీ పాత సంచీలో,” అంది అమ్మణ్ణి.

“అదే… ఆదివారం మెకానిక్కుని పిలుద్దామనుకున్నాను. ఆఫీసు గొడవలో పడి మర్చిపోయాను.” ఆ మాట అంటూ అతను చూసింది భార్యని కాదు, తల్లిని. అత్తగారు కంచంలోకి చూస్తున్నారు. తల్లిని కాపాడుకోవడానికే అబద్ధమాడుతున్నాడని అమ్మణ్ణికి తెలిసింది. ఒక్క మాటతో ఆ అబద్ధం తీసి పక్కన పెట్టెయ్యచ్చు. పెట్టలేదు. కూర గిన్నె అతని వైపు జరిపింది.

అతను తేలికపడ్డాడు. “మంచిపనే చేశావులే. కాకపోతే కొత్త సరుకు, వెంటనే నమ్మడానికి లేదు. కొన్నాళ్ళు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.”

“వారం,” అన్నారు మామగారు. “కొత్త ఇంజను వేసిన బండికి మా డిపోలో వారం ట్రయల్ ఉండేది. అమ్మణ్ణి గంటగంటకీ చూసి చెబితే నేను రాసి పెడతాను.”

“రెండు గంటలనుంచి గంటకి దింపారా తాతయ్యా? ఇది ప్రమోషనా?” అంది కూతురు.

అందరూ నవ్వారు. భర్త కూడా నవ్వి, “వారమేగా. తర్వాత చూద్దాం,” అన్నాడు.

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అమ్మణ్ణి అత్తగారి కంచంలో కూర వడ్డించింది, కూతురికి వడ్డించింది, తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎప్పుడూ అందరూ తిన్నాక కూర్చునే మనిషి కూర్చోవడంతో అందరూ ఆమెవైపు చూశారు.

“సోమవారం నుంచి నేను పనికి వెళ్తున్నాను,” అంది, మంచినీళ్ళు అందుకోమన్నంత మామూలుగా. “టైలరక్కకి సాయంత్రమే చెప్పేశాను. ఏడున్నరకి బయల్దేరతాను, నాలుగున్నరకి వస్తాను. మామయ్యగారికి పగలు చుక్కలు ఎవరు వెయ్యాలో, అత్తయ్య దగ్గర ఎవరు ఎప్పుడుండాలో ఈ రెండు రోజుల్లో మీరందరూ కూర్చుని మాట్లాడుకోండి.”

ఎవరో ఏదో అనబోయారు.

“ఫ్రిజ్ నడిచినా, ఆగినా,” అంది అమ్మణ్ణి.